బొగ్గు చెప్పని వయసు

మంచిర్యాలలో చెన్నూరు బస్సెక్కితే శ్రీరాంపూర్, ఇందారం, జైపూర్, భీమారం వరసగా వస్తాయి. రోడ్డు తూర్పుకు సాగుతుంది. దాని అడుగున రాతిపొరలు ఈశాన్యానికి వాలి ఉన్నాయి. అందుకే తూర్పుకు పోయేకొద్దీ పాత పొర లోతుకు దిగిపోయి, దాని మీది కొత్త పొర నేలమీదికి తేలుతుంది. మధ్యలో ఫాల్టులు అడ్డొచ్చి పొరల్ని అటూ ఇటూ జరిపినా మొత్తం మీద వరస అదే. మంచిర్యాలకు పడమట, దేవాపూర్‌లో సిమెంటు కోసం తవ్వే సున్నపురాయి వంద కోట్ల ఏళ్ళు ఎప్పుడో దాటింది. శ్రీరాంపూర్ బాయిల్లో దొరికే బొగ్గుది సుమారు 28 కోట్ల ఏళ్ళ వయసు. భీమారం చుట్టుపక్కల ఇసుకరాళ్ళు, ఎర్ర బంకరాళ్ళు 24, 23 కోట్ల ఏళ్ళ నాటివి. చెన్నూరు దాటి, ప్రాణహిత అవతలి ఒడ్డున కోట అనే ఊరికి చేరేసరికి 18 కోట్లకు అటూ ఇటూ వస్తాం. ఒక్క పూట ప్రయాణంలో ఇంత కాలం కాళ్ళ కింద నుంచి జరిగిపోయే రోడ్లు మన రాష్ట్రంలో ఎక్కువ లేవు.

ఈ అంకెలు చెబితే కొందరు పుస్తకంలో ఉంది కదా అని నమ్ముతారు. కొందరు, ఎవరు చూసొచ్చారు అంటారు. నాకు ఈ రెండో రకం మనుషులంటేనే ఇష్టం, ఎందుకంటే వాళ్ళ ప్రశ్నకు జవాబుంది. ఈ లెక్క తేలడానికి దాదాపు నూట యాభై ఏళ్ళు పట్టింది. అందులో పెద్ద భాగం మా ఊళ్ళ చుట్టూ జరిగింది. చివరి అంకె మాత్రం వేరే ఖండం నుంచి వచ్చింది.

నేను సింగరేణిలో, ఎక్స్‌ప్లొరేషన్ డ్రిల్లింగ్ క్యాంపుల మీద పనిచేసి రిటైరైనవాణ్ణి. మా నాయిన తట్ట, చెమ్మస్ పట్టి టబ్బులు నింపిన కోల్‌ఫిల్లర్. ఆయన బొగ్గును బయటికి తెచ్చాడు. బొగ్గు ఎంత లోతున ఉందో, దాని మీదా కిందా ఏమేం ఉన్నాయో చూపించే కోర్‌ను బయటికి తెచ్చి పేర్చడం నా పని.

కోర్ పేర్చడం చూడని వాళ్ళకు అది కూలిపనిలా కనిపిస్తుంది. బ్యారెల్ పైకి వచ్చాక దాన్ని అడ్డంగా ఆనించి, సుత్తితో మెల్లగా తడుతూ లోపలి రాతి కడ్డీని జార్చాలి. బురద కడగాలి. పొడుగాటి గాళ్ళున్న పెట్టెలో ఎడమ నుంచి కుడికి, పై గాడి నుంచి కింది గాడికి లోతు పెరిగేలా పేర్చాలి. ఒక్కో రన్ అయిపోయిన చోట లోతు రాసిన చెక్కముక్క పెట్టాలి. మూడు మీటర్లు తొలిచి రెండున్నర మీటర్లే చేతికొస్తే, పోయిన అర మీటరు ఎక్కడ పోయిందో రాయాలి. బొగ్గు దగ్గర ఈ తిప్పలు ఎక్కువ, అది పొడిపొడి అయి నీళ్ళతో కొట్టుకుపోతుంది. విరిగిన రెండు ముక్కల అంచులు ఒకదానికొకటి కూర్చోకపోతే ఏదో తలకిందులైందని అర్థం, కూర్చునేదాకా తిప్పి చూడాల్సిందే. వర్షంలో, పెట్రోమాక్స్ వెలుతురులో కూడా ఈ పని తప్పుగా చేయని మనుషులతో కలిసి పనిచేశాను. వాళ్ళ పేర్లు ఏ పరిశోధన పత్రంలోనూ ఉండవు. కానీ ఈ గోదావరి లోయ రాళ్ళ వయసు గురించి ఇప్పుడు రాసే ప్రతి వాక్యమూ ఆ పెట్టెల్లోని వరస మీదే ఆధారపడింది.

ఆ వరస ఎందుకంత ముఖ్యం? అడుగున పడిన పొర ముందుది, దాని మీద పడింది తరువాతది. ఇది స్టెనో అనే శాస్త్రజ్ఞుడు 1669లోనే రాసిపెట్టిన మాట. దాన్ని పనిముట్టుగా మార్చినవాడు విలియం స్మిత్ అనే ఇంగ్లండు సర్వేయరు. 1790ల్లో ఆయన సోమర్సెట్‌లో హై లిటిల్టన్ దగ్గర మియర్న్స్ అనే బొగ్గుబాయిలోకి దిగాడు. ఏ పొర కింద ఏ పొర వస్తుందో అక్కడి గనికార్మికులకు కంఠతా వచ్చు. స్మిత్ ఆ వరసను బయటికి తెచ్చి, ఒక్కో పొరకూ దానికే సొంతమైన శిలాజాలున్నాయని చూపించి, 1815లో మొత్తం దేశానికే రాళ్ళ పటం గీశాడు. రాళ్ళ కాలగణన శాస్త్రం బొగ్గుబాయి పనివాళ్ళ నోటిలెక్క నుంచి మొదలైందని తెలిసినప్పుడు మా నాయిన పక్కన ఉంటే బాగుండేదనిపించింది.

మన దగ్గరికి ఆ పని తెచ్చినవాడు డాక్టర్ విలియం కింగ్. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా మనిషి. 1871లో ఇల్లెందు దగ్గర బొగ్గును గుర్తించిన పేరు ఆయనదే. భద్రాచలం పోయే యాత్రికులు పొయ్యి రాళ్ళుగా పెట్టిన నల్లరాళ్ళు అంటుకున్నాయని అక్కడివాళ్ళు చెప్పుకునే కథ కూడా ఉంది. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీకి హక్కులు దక్కడం, 1889లో తవ్వకం మొదలవడం, 1920 డిసెంబర్ 23న సింగరేణి పేరుతో కంపెనీ ఏర్పడడం అందరికీ తెలిసిన చరిత్రే. నాకు వాటికన్నా ముఖ్యమైంది కింగ్ 1881లో అచ్చువేసిన ప్రాణహిత - గోదావరి లోయ భూగర్భ వివరణ. రైలు లేని, రోడ్డు లేని అడవిలో ఎద్దుబండ్ల మీద తిరిగి, వాగు గట్ల మీద బయటపడ్డ పొరల్ని ఒకదాని తరువాత ఒకటి రాసుకున్నాడు. అడుగున తాల్చేర్, దాని మీద బరాకర్, దాని మీద కామ్తీ, ఆ పైన మలేరి, కోట. మా కోర్ పెట్టెల మీద మేం రాసిన పేర్లలో చాలా వాటిని ఈ లోయకు పరిచయం చేసింది ఆయనే.

నెమ్మదిగా చూస్తే ఆ పొరల్ని చేతితోనే పోల్చుకోవచ్చు. బరాకర్ ఇసుకరాయి బూడిద తెలుపు, గింజ గరుకు. మధ్య మధ్య ఫెల్స్‌పార్ కుళ్ళి తెల్లటి బంకగా మారి ఉంటుంది, వేలితో రుద్దితే అంటుకుంటుంది. బొగ్గు సీములు, అంటే బొగ్గుపొరలు, ప్రధానంగా ఇందులోనే. కామ్తీకి వచ్చేసరికి ఇనుము తుప్పు రంగు, ఇటుక ఎరుపు. బరాకర్ కింద తాల్చేర్ తగిలితే కోర్ పచ్చటి బూడిద రంగులోకి మారుతుంది, దాని షేలు ఎండకు పెడితే సూదుల్లా చీలిపోతుంది. అందులో అక్కడక్కడ వేరే జాతి రాళ్ళు, కొన్ని గుండ్రంగా, కొన్ని నునుపుగా గీతలు పడి, ఎవరో తెచ్చి పారేసినట్టు ఇరుక్కుని ఉంటాయి. తాల్చేర్ తగిలిందంటే ఇక బొగ్గు లేదు, బోరు ఆపొచ్చని డ్రిల్లర్లందరికీ తెలుసు.

ఆ గీతలు పడ్డ రాళ్ళే కాలాన్ని పట్టుకోవడానికి మొదటి కొక్కెమయ్యాయి. 1856లో ఒరిస్సాలోని తాల్చేర్ దగ్గర బ్లాన్‌ఫోర్డ్ అన్నదమ్ములు, థియోబాల్డ్ అనే భూగర్భ శాస్త్రజ్ఞులు కలిసి ఇవి మంచు మోసుకొచ్చిన రాళ్ళన్నారు. ఉడుకెత్తే ఈ దేశంలో మంచేమిటని చాలామంది నమ్మలేదు. 1875లో ఫెడెన్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు మాకు దగ్గర్లోనే సాక్ష్యం చూపించాడు. చంద్రపూర్ వైపు పెన్‌గంగ ఒడ్డున ఇరాయి దగ్గర, తాల్చేర్ పొర కింద ఉన్న పాత సున్నపురాయి మెరుగు పెట్టినట్టు నునుపై, మీద సమాంతరంగా గీతలు పడి ఉంది. హిమానీనదం రాళ్ళను ఈడ్చుకుంటూ పోతే పడే గీతలవి. ఇలాంటి మంచుపొరే దక్షిణాఫ్రికాలో, ఆస్ట్రేలియాలో, దక్షిణ అమెరికాలో కూడా బొగ్గుకు అడుగున బయటపడింది. అన్ని చోట్లా ఒకే మంచుయుగమైతే, దాని మీద పేరుకున్న బొగ్గులన్నీ ఇంచుమించు ఒకే కాలానివి. కానీ ఏ కాలం?

ఇక్కడే పెద్ద తగాదా వచ్చింది. ఈ బొగ్గుతో పాటు దొరికే ఆకు గ్లోసాప్టెరిస్. నాలుక ఆకారం, మధ్యలో ఈనె, అటూ ఇటూ వలలా అల్లుకున్న సన్న ఈనెలు. బాయిలో రూఫ్ షేలు ఊడి పడ్డప్పుడు మా వాళ్ళు దీన్ని ఎన్నిసార్లు చూశారో లెక్కలేదు. 1828లో బ్రోంగ్నియార్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు ఆ పేరు పెట్టాడు. యూరప్ బొగ్గులో ఈ ఆకు లేదు. అక్కడి రాళ్ళతో పోల్చిచూస్తే ఈ మొక్కలు బొగ్గుయుగం దాటి చాలా కాలానికి వచ్చిన వాటిలా కనిపించాయి. ఆస్ట్రేలియాలో మెకాయ్ అనే ప్రొఫెసరు అక్కడి గ్లోసాప్టెరిస్ బొగ్గు జురాసిక్ కాలానిదని పట్టుబట్టాడు. క్లార్క్ అనే పాదిరీ, బొగ్గుపొరల మధ్యనే పురాతన సముద్రపు గవ్వలున్నాయి, కళ్ళారా చూశాను, ఇది చాలా పాతదని దశాబ్దాల పాటు వాదించాడు. మన దేశంలో 1875 నుంచి 1883 దాకా కలకత్తాలో పనిచేసిన ఒటోకార్ ఫైస్ట్‌మాంటెల్ అనే బొహీమియా వృక్షశాస్త్రజ్ఞుడు గోండ్వానా ఆకుల్ని ఒక్కొక్కటిగా బొమ్మలు గీయించి, వర్ణించి, బొగ్గుపొరల్ని ట్రయాసిక్ అన్నాడు. ఆ అన్నదమ్ముల్లో ఒకడైన డబ్ల్యూ.టి. బ్లాన్‌ఫోర్డ్ ఒప్పుకోలేదు, ఇవి అంతకన్నా పాత పర్మియన్ అన్నాడు.

ఫైస్ట్‌మాంటెల్ ఓడిపోయాడని ఒక్క ముక్కలో రాసేసే వాళ్ళ మీద నాకు కోపం. ఆయన వర్ణనలు లేకపోతే ఏ ఆకు ఏ పొరలోదో ఇప్పటికీ తేలేది కాదు. ఆయనకు తెలిసిన అడవులన్నీ ఉత్తరార్ధగోళానివి. ఈ ఆకు పెరిగిన నేల దక్షిణ ధ్రువానికి దగ్గరగా, వేరే వాతావరణంలో, వేరే ఖండాలతో అతుక్కుని ఉందని అప్పటికి ఎవరికీ తెలియదు. అలా కలిసి ఉన్న ఆ పెద్ద ఖండానికి ఎడ్వర్డ్ జూస్ గోండ్వానాలాండ్ అని పేరు పెట్టింది 1885లో. 1912లో దక్షిణ ధ్రువం నుంచి తిరిగి వస్తూ చనిపోయిన కెప్టెన్ స్కాట్ బృందం, ఆకలితో, అలసటతో కూడా బండి మీద నుంచి దించెయ్యని రాళ్ళలో ఇదే గ్లోసాప్టెరిస్ బయటపడింది. శ్రీరాంపూర్ రూఫ్‌లో కనిపించే ఆకు.

తగాదా తీర్చింది ఆకులు కాదు, గవ్వలు. సముద్రజీవులు ఒడ్డు నుంచి ఒడ్డుకు వ్యాపిస్తాయి కాబట్టి దూరదేశాల పొరల్ని కలపడానికి అవి నమ్మకమైన సాక్షులు. 1880ల్లో పంజాబ్ సాల్ట్ రేంజ్‌లో, తాల్చేర్‌ను పోలిన మంచురాళ్ళ పొర మీద, కాలం తెలిసిన సముద్రపు పొరలు ఉన్నాయని బయటపడింది. 1921లో మధ్య భారతంలో ఉమరియా దగ్గర, తాల్చేర్‌కూ బరాకర్‌కూ సరిగ్గా మధ్యన, సముద్రపు గవ్వల పొర ఒకటి దొరికింది. దాంతో మంచు, దాని మీది బొగ్గు రెండూ తొలి పర్మియన్ చుట్టూ కుదురుకున్నాయి. పర్మియన్ అనేది 1841లో మర్చిసన్ రష్యాలోని పెర్మ్ ప్రాంతం చూసి పెట్టిన పేరు. పెర్మ్ రాళ్ళకూ మా నాలుగో సీముకూ లంకె కుదరడానికి ఉమరియా గవ్వ కావాల్సి వచ్చింది.

బొగ్గు మీది పొరల కథ ఎముకలతో తేలింది. స్టీఫెన్ హిస్లాప్ నాగపూర్‌లో ఉండే స్కాటిష్ పాదిరీ. 1863లో నీళ్ళలో మునిగి చనిపోయేదాకా రాళ్ళు ఏరుతూనే ఉన్నాడు. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలోని మలేరి ఎర్రమట్టి నుంచి ఊపిరితిత్తుల చేప పళ్ళు, బల్లిజాతి పెద్ద జంతువుల ఎముకలు లండన్‌కు చేరాయి. జీవశాస్త్రజ్ఞుడు హక్స్‌లీ వాటిలో ఒక దవడను చూసి, స్కాట్లండ్‌లో ఎల్గిన్ దగ్గర దొరికిన హైపరోడాపెడాన్ అనే జంతువుకు దగ్గరి చుట్టమని గుర్తుపట్టాడు. అప్పటిదాకా ఎల్గిన్ ఇసుకరాయి ఏ కాలానిదన్నది స్కాట్లండ్‌లోనే తగాదా, పక్కనున్న ఇంకా పాత రాళ్ళలో దాన్ని కలిపేశారు. అదే జంతువు ఇంగ్లండు ట్రయాసిక్ రాళ్ళలోనూ, మా మలేరిలోనూ ఉండడంతో రెండు దేశాల లెక్కా ఒకేసారి సర్దుకుంది. మలేరి పొరలది మలి ట్రయాసిక్.

ఆ తరువాత చాలా కాలానికి, 1957లో మహలనోబిస్ పిలుపు మీద పమేలా రాబిన్సన్ లండన్ నుంచి కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చింది. ఆమె తయారుచేసిన బృందం ఈ లోయను గ్రామం గ్రామం నడిచింది. యెర్రపల్లి, భీమారం, ధర్మారం అన్నవి ఇప్పుడు ప్రపంచమంతా వాడే పొరల పేర్లయింది వాళ్ళ పని వల్లే. గోదావరి లోయలోని పోచంపల్లి దగ్గర, చీరల పోచంపల్లి కాదు ఇది, మూడు వందల దాకా డైనోసార్ ఎముకలు తవ్వి తీశారు. టాగూర్ శతజయంతి సంవత్సరం కలిసొచ్చిందని ఆ డైనోసార్‌కు బారాపాసారస్ టాగోరై అని పేరు పెట్టి 1975లో ప్రకటించారు. 1988లో జియలాజికల్ సర్వేకు చెందిన పి. యాదగిరి, మా జిల్లాలోని యామన్‌పల్లి పేరు మీద కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్‌ను ప్రకటించాడు. దాని అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబడి ఉంది. బిడ్డల్ని అక్కడికి తీసుకుపోయే వాళ్ళు ఆ ఊరు ఎక్కడుందో కూడా చెప్పాలి.

బోరులో మాత్రం డైనోసార్లు రావు. అరచేతిలో పట్టే కోర్‌లో ఎముక దొరకడం దైవాధీనం, ఆకు కూడా చాలాసార్లు ముక్కముక్కలే. అక్కడ పనికొచ్చేది పుప్పొడి. లక్నోలో బీర్బల్ సాహ్నీ పేరు మీద ఉన్న పురావృక్షశాస్త్ర సంస్థ వాళ్ళు గోదావరి లోయ బోరు నమూనాల మీద ఏళ్ళ తరబడి పనిచేశారు. మేం షేలు ముక్క కొట్టి, బోరు నంబరు, లోతు రాసి పాలిథిన్ సంచిలో కట్టి ఇస్తాం. పైపైన అంటిన డ్రిల్లింగ్ బురద తీసెయ్యాలి, ఎందుకంటే అందులో పై పొరల పుప్పొడి కలిసి ఉంటుంది. ల్యాబులో హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ పోసి రాతిని కరిగిస్తారు. అది గాజును కూడా తినేస్తుంది కాబట్టి ప్లాస్టిక్ పాత్రలు వాడతారు. నైట్రిక్ యాసిడ్‌తో బొగ్గు నలుపు పోగొడతారు. రాయి పోయాక అడుగున మిగిలేది పుప్పొడి రేణువుల పైతోలు. అన్ని కోట్ల ఏళ్ళు గడిచినా, అంత యాసిడ్ పోసినా చావని పదార్థమది. మైక్రోస్కోపులో చూస్తే తాల్చేర్ రేణువులకు చుట్టూ ఒకే గాలితిత్తి ఎక్కువ. బరాకర్‌కు వచ్చేసరికి రెండు పక్కలా రెండు తిత్తులున్నవి పెరుగుతాయి. ఇంకా పైకి, మలి పర్మియన్‌కు పోతే తిత్తుల మధ్య గీతలున్నవి రాజ్యమేలుతాయి. కంటికి ఒకేలా కనిపించే రెండు నల్ల షేలు ముక్కల్ని ఇలా వేరు చేయగలిగారు. బరాకర్ మీద ఉండే కామ్తీ అడుగు భాగంలోని బొగ్గు మలి పర్మియన్‌దని తేలింది ఈ దారిలోనే. 350 కిలోమీటర్ల పొడవున సాగే బొగ్గు లోయలో ఏ బోరులోని సీము ఏ బోరులోని సీముతో కలుస్తుందో చెప్పడానికి ఇది ఎంత పనికొచ్చిందో మైన్ ప్లాన్లు గీసేవాళ్ళను అడగాలి.

ఇంతవరకు చెప్పిందంతా వరసే. ఏది ముందు, ఏది వెనుక, ఏది దేనితో సమకాలం. ఎన్నేళ్ళు అనేది ఇంకా రాలేదు. కింగ్ కాలంలో ఎవరి దగ్గరా ఆ దారి లేదు. భూమి చల్లారిన లెక్క వేసి కెల్విన్ 1897 నాటికి భూమి మొత్తానికే రెండు నుంచి నాలుగు కోట్ల ఏళ్ళు చాలన్నాడు. భూమి లోపలి కదలికలూ, రేడియోధార్మికతా ఆ లెక్కలో లేవు. 1911లో ఇరవై ఒక్క ఏళ్ళ ఆర్థర్ హోమ్స్, లండన్‌లో విద్యార్థిగా ఉండగా, నార్వే రాయి ఒకదానిలో యురేనియం ఎంత, అది మారిపోయి పుట్టిన సీసం ఎంత అని కొలిచి, డెవోనియన్ కాలపు ఆ రాయికి 37 కోట్ల ఏళ్ళు అన్నాడు. అంకెల చరిత్ర అక్కడ మొదలైంది.

మా వీధి కుర్రాడొకడు నన్ను ఆపి అడిగాడు, "కాకా, బొగ్గంటేనే కార్బన్ గదా, కార్బన్ డేటింగ్ జేస్తే ఎన్నేండ్లో తేలదా?" మంచి ప్రశ్న. కార్బన్ 14 అనేది 5,730 ఏళ్ళకు సగమవుతుంది. యాభై వేల ఏళ్ళు దాటితే కొలవడానికి ఇంచుమించు ఏమీ మిగలదు. 28 కోట్ల ఏళ్ళలో అది దాదాపు 49 వేల సార్లు సగమవ్వాలి. పాత గుళ్ళ దూలాలకు, ఎముకలకు ఆ పద్ధతి. బొగ్గుకు నెమ్మదిగా నడిచే గడియారం కావాలి. యురేనియం 238 సగమవడానికి 447 కోట్ల ఏళ్ళు పడుతుంది, యురేనియం 235కు 70 కోట్లు, పొటాషియం 40కి 125 కోట్లు.

ఈ గడియారాల చప్పుడు మేం రోజూ విన్నాం. బోరు పూర్తయ్యాక కేబుల్‌కు కట్టిన ప్రోబ్‌ను లోపలికి దించి గామా లాగ్ తీస్తారు. షేలు ఎదురైన చోట గీత కుడికి ఎగబాకుతుంది, శుభ్రమైన బొగ్గు ఎదురైన చోట ఎడమకు పడిపోతుంది. కోర్ పోయిన చోట సీము మందం ఎంతో దాన్ని చూసే సరిచేసేవాళ్ళం. షేలులో పొటాషియం, యురేనియం, థోరియం విరిగిపోతూ విడిచే కిరణాల్నే ఆ ప్రోబ్ లెక్కపెడుతుంది. ఇంత చప్పుడున్నా షేలు తన వయసు చెప్పదు, ఎందుకంటే అందులోని మన్ను ఇంకెక్కడో పుట్టిన రాళ్ళు అరిగి వచ్చింది.

గడియారం పనిచేయాలంటే అది ఎప్పుడు మొదలైందో తెలియాలి. దానికి జిర్కాన్ అనే స్ఫటికం కావాలి. ఇసుకరేణువు కన్నా చిన్నది, చాలా గట్టిది. కరిగిన శిల గడ్డకట్టేటప్పుడు పుడుతుంది. పుట్టేటప్పుడు యురేనియంను తనలోకి రానిస్తుంది, సీసాన్ని దాదాపు రానివ్వదు. కాబట్టి తరువాత అందులో కనిపించే సీసమంతా యురేనియం మారిపోగా వచ్చిందే. 28 కోట్ల ఏళ్ళలో యురేనియం 238 ప్రతి వంద పరమాణువుల్లో నాలుగే మారతాయి, 235లో ఇరవై నాలుగు మారతాయి. ఒకే రేణువులో రెండు గడియారాలు, రెండు వేర్వేరు నడకలు. రెండూ ఒకే అంకె చూపిస్తే నమ్మొచ్చు. చూపించకపోతే ఆ రేణువు మధ్యలో ఎక్కడో దెబ్బతిందని తెలుస్తుంది. ఎవరు చూసొచ్చారు అని అడిగేవాళ్ళకు నేను చెప్పేది ఈ రెండో గడియారం గురించే.

మరి బరాకర్ ఇసుకరాయిలో జిర్కాన్ లేదా? ఉంది, కావలసినంత ఉంది. కానీ అది గ్రానైటు కొండలు అరిగి నది మోసుకొచ్చిన జిర్కాన్. దాన్ని కొలిస్తే ఆ కొండ వయసు వస్తుంది, ఇసుక పడిన కాలం రాదు. ఇల్లు ఎప్పుడు కట్టారని అడిగితే పునాది రాళ్ళ వయసు చెప్పినట్టే. అందులో అన్నిటికన్నా చిన్న వయసు రేణువును పట్టుకుంటే, ఈ పొర దానికంటే పాతది కాజాలదని మాత్రం చెప్పొచ్చు.

బొగ్గు పేరుకుంటున్న రోజుల్లోనే దగ్గర్లో అగ్నిపర్వతం పేలి, బూడిద వచ్చి చిత్తడి అడవి మీద పడి ఉంటే పని సులువు. బూడిదలోని జిర్కాన్ పేలుడుకు కాస్త ముందే పుట్టింది కాబట్టి దాని వయసే పొర వయసు. ఆస్ట్రేలియా తూర్పు తీరంలో అదే జరిగింది. అక్కడి సిడ్నీ, బోవెన్ బొగ్గుక్షేత్రాల సీముల మధ్య ఇలాంటి బూడిద పొరలు చాలా ఉన్నాయి. 2016లో అక్కడివాళ్ళు ఆ జిర్కాన్‌లను ఒక్కొక్కటిగా యాసిడ్‌లో శుద్ధిచేసి కొలిచి, తమ మధ్య, మలి పర్మియన్ పుప్పొడి మండలాలకు అంకెలు కట్టారు. కొన్నిటి వయసును పదుల లక్షల ఏళ్ళ మేర జరపాల్సి వచ్చింది. దక్షిణాఫ్రికా కరూ పొరల్లోనూ ఇలాంటి బూడిద ఉంది. మా లోయలో సీముల వయసుకు ఆధారమైన బూడిద పొర ఏదీ లేదు. కాబట్టి మా బొగ్గు వయసు వచ్చే దారి ఇది: బోరులోని పుప్పొడిని గోండ్వానా దేశాల పుప్పొడితో పోల్చాలి, మంచుపొరతో, ఉమరియా గవ్వతో సరిచూడాలి, చివరి అంకెను అక్కడి బూడిద నుంచి తెచ్చుకోవాలి. వరస మా సొంతం, అంకె అరువు. సుమారు 28 కోట్లు అని నేను అన్నప్పుడు ఆ సుమారు అన్న మాటలో ఇదంతా ఉంది. అక్కడ అంకె జరిగితే ఇక్కడా జరుగుతుంది. పొరల వరస మాత్రం జరగదు.

అన్ని రాళ్ళకూ ఈ తిప్పలు లేవు. ఇదే గోదావరి దిగువన రాజమండ్రి దగ్గర నల్లరాయి లావా గడ్డకట్టింది, దాన్ని ఆర్గాన్ పద్ధతిలో నేరుగా కొలిస్తే ఆరున్నర కోట్ల ఏళ్ళ చుట్టూ వస్తుంది. బొగ్గుకు అడుగునున్న పాకాల పొరల్లో గ్లాకొనైట్ అనే పచ్చటి ఖనిజం సముద్రం అడుగునే పుట్టింది, దానిలో పొటాషియం ఉంది. దాన్ని కొలిచి 160 కోట్ల ఏళ్ళ చుట్టూ తేల్చారు. కోట పొర సంగతి మాత్రం ఇప్పటికీ నడుస్తోంది. 1851లో వెలుగులోకి వచ్చిన దాని చేపల్ని చూసినవాళ్ళు తొలి జురాసిక్ అంటారు, కంటికి కనిపించనంత చిన్న గుల్లజీవుల్ని చూసినవాళ్ళు మధ్య జురాసిక్ అంటారు. ఇద్దరి దగ్గరా బలమైన సాక్ష్యమే ఉంది.

ఇప్పుడు శ్రీరాంపూర్‌లో ఓసీ, అంటే ఓపెన్‌కాస్ట్ గని, తవ్వాక మాకు బోరులో వేళ్ళంత వెడల్పున కనిపించిన పొరలు బెంచీల మీద నిలువుగోడలై నిలబడ్డాయి. అవి ఎక్కువ కాలం ఉండవు, బొగ్గు తీసేశాక ఓబీతో, అంటే బొగ్గు మీద నుంచి తీసిన మట్టితో, నింపేస్తారు. అక్కడ డ్యూటీలో ఉండే సర్వే, జియాలజీ పిల్లలకు నా మాట ఒకటే. సీము మధ్యలో కనిపించే ప్రతి బంకపొరనూ మామూలు క్లే బ్యాండ్ అని వదిలెయ్యొద్దు. వేలెడు మందమే ఉండి, బెంచీ ఈ కొస నుంచి ఆ కొసకు మందం మారకుండా, ఇసుక కలవకుండా, లేత రంగులో జిగటగా సాగే పొర కనిపిస్తే ఆగి చూడాలి. నది తెచ్చిన బంక అలా సాగదు, ఎక్కడో పలచబడుతుంది, ఎక్కడో తెగిపోతుంది. రెండు మూడు కిలోలు శుభ్రమైన సంచిలో తీసుకుని, ఏ సీము, సీము పై నుంచి ఎంత లోతు, ఏ బెంచీ, ఏ తేదీ రాసి, పక్కన స్కేలు పెట్టి ఫోటో తీసి జియాలజిస్టుకు ఇవ్వాలి. దాన్ని నానబెట్టి కడిగి బరువైన రేణువుల్ని వేరుచేసి మైక్రోస్కోపులో చూస్తారు. జిర్కాన్‌లు మూలలు అరిగి గుండ్రంగా ఉంటే అవి నది తెచ్చినవి. పొడుగ్గా, మొనలు పదునుగా, విరగకుండా ఉంటే వెంటనే ఇంకో సంచి నింపుకుని రావాలి, ఓబీ ఆ బెంచీ దాకా రాకముందే.